ముందు దారి చూడండి

పైథాన్ ప్యాకేజీ వేశారు. ప్రోగ్రాం నడుస్తోంది. అయినా వీఎస్ కోడ్‌లో ఇంపోర్ట్ కింద వంకర గీత, ‘దొరకలేదు’ అని సందేశం! చాలామంది కుర్రాళ్లు ఇక్కడే ‘కోడింగ్ మనవల్ల కాదు’ అనేసుకుంటారు. ఆ మాట అనకండి. వెతికిన చోట మాడ్యూల్ లేదని తప్ప, మీ తెలివి గురించి ఆ సందేశం ఏమీ చెప్పడం లేదు.

‘వంతెన దిగగానే ఎడమవైపు’ అని ఎవరికైనా దారి చెప్పి చూడండి. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీద కొవ్వూరు నుంచి బయల్దేరినవాడు రాజమండ్రిలో దిగుతాడు, అటునుంచి వచ్చినవాడు కొవ్వూరులో దిగుతాడు. మాట ఒకటే, బయల్దేరిన చోటు వేరు. మాడ్యూల్ దారీ అంతే. కాబట్టి కంగారు పడకుండా ఈ వరసలో చూడండి.

‘దొరకలేదు’ అంటున్నది ఎవరు? ప్రోగ్రాం నడుస్తూ గీత మాత్రమే కనిపిస్తే, పైలాన్స్ ఎక్స్‌టెన్షన్ మరో పైథాన్‌లో వెతుకుతూ ఉండవచ్చు. టెర్మినల్‌లో ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ ప్రింట్ చేయండి. ఎడిటర్‌లో ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్‌తో అది కలవకపోతే, ‘సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’లో సరైనది ఎంచుకోండి.

మీరెక్కడున్నారు? ప్రాజెక్టు ఫోల్డర్ బదులు దాని పై ఫోల్డర్ తెరిస్తే వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది. సరైన ఫోల్డర్ తెరవండి. ‘ఎక్స్‌ట్రా పాత్స్’ సెట్టింగ్ ఎడిటర్‌కు దారి చూపిస్తుంది, ప్రోగ్రాంకు చూపించదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

పేరు సరిగ్గా ఉందా? ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను విండోస్ మామూలుగా పట్టించుకోకపోయినా, ఇంపోర్ట్‌లో పైథాన్ పట్టుకుంటుంది. మీ ఫైలుకే ‘రాండమ్’ అని పేరు పెడితే పైథాన్ తన లైబ్రరీని వదిలి మీ ఫైలునే తెచ్చుకుంటుంది.

ఒకసారికి ఒకటే మార్చండి. ఒకేసారి నాలుగు సెట్టింగులు మారిస్తే, సమస్య తీరినా ఎందుకు తీరిందో తెలియదు. తెలియని పరిష్కారం రేపు అక్కరకు రాదు. ఏం మార్చారో, ఏమైందో కాగితం మీద రాసుకోండి.

అప్పటికీ తెగకపోతే మొహమాటపడకుండా అడగండి. అయితే ‘పనిచేయట్లేదన్నా’ అని ఊరుకోవద్దు. పూర్తి సందేశం, తెరిచిన ఫోల్డర్, వాడుతున్న పైథాన్, అప్పటిదాకా చేసిన ప్రయత్నాలు చెప్పి అడగండి. అలా అడిగేవాళ్లకు చెప్పడానికి ఏ సీనియరైనా సంతోషంగా ముందుకొస్తాడు. కారణం వెతికే ఈ ఓపికే రేపు ఉద్యోగంలో మిమ్మల్ని నిలబెడుతుంది.