కంప్యూటర్ ఆన్ కాగానే మన బొమ్మ: డెబియన్‌లో స్ప్లాష్ పెట్టడం ఎలా?

డెబియన్ 12 వేసిన కంప్యూటర్ ఆన్ చేస్తే చాలాసార్లు నల్ల తెర మీద, డిస్కు బాగానే ఉందని చెప్పే ‘క్లీన్’ అన్న వరుస ఒకటి కనిపించి, లాగిన్ వచ్చేదాకా అదే అలా నిలబడిపోతుంది. తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు. బడి ల్యాబులో పిల్లలైతే ‘సార్, ఇది పాడైపోయింది’ అని ఆ మూల నుంచి కేక వేస్తారు. ఆ ఖాళీలో ఒక బొమ్మ, దాని కింద తిరిగే చక్రం పెట్టడమే స్ప్లాష్. దీనివల్ల కంప్యూటర్ వేగం ఒక్క క్షణం కూడా పెరగదు. చూసేవాళ్లకు ధైర్యం, అంతే.

ఈ ముచ్చట పాతదే. విండోస్ 95 రోజుల్లో 320×400 కొలతలతో, 256 రంగుల్లో ఒక బొమ్మ చేసి, లోగో డాట్ సిస్ అని పేరు పెట్టి సి డ్రైవ్‌లో వేస్తే విండోస్ తన మబ్బుల బొమ్మ మానేసి దాన్నే చూపేది. లినక్స్‌లో ఆ పని ఇప్పుడు ప్లిమత్ చేస్తోంది. రెడ్ హ్యాట్ వాళ్లు తయారుచేసిన ఈ ప్రోగ్రాం 2008లో ఫెడోరా 10తో వచ్చింది. 2010లో ఉబుంటు 10.04 కూడా దీన్నే తీసుకుంది. అంతకుముందు ఫెడోరాలో ఆ కాసేపటి బొమ్మ కోసం గ్రాఫిక్స్ తెరను నడిపే ఎక్స్ సర్వర్ మొత్తాన్ని లేపాల్సి వచ్చేది. ప్లిమత్ ఆ తతంగం లేకుండా, కెర్నల్ తెరను సిద్ధం చేయగానే నేరుగా దాని మీద గీస్తుంది.

ఒక మాట. ఇక్కడ ఆదేశాలను పలికినట్టుగా తెలుగులో ఇస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పొడుగాటి పేర్లకు మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేసుకుంటుంది.

ముందు తెర ఎత్తడం నేర్చుకోండి

స్ప్లాష్ నాటకం తెర లాంటిది. వెనకాల ఏం జరుగుతోందో దాచేస్తుంది, తప్పు జరిగినా దాచేస్తుంది. అందుకే వేయడం కన్నా ముందు తీయడం తెలియాలి. బొమ్మ కనిపిస్తున్నప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే అసలు సందేశాలు కనిపిస్తాయి, మళ్లీ నొక్కితే బొమ్మ వస్తుంది.

అది పనిచేయకపోతే రెండో దారి గ్రబ్ మెనూ, అంటే ఆన్ చేయగానే ఏ సిస్టమ్‌ను లేపాలో అడిగే జాబితా. డెబియన్‌లో అది మామూలుగా 5 సెకన్లు ఆగుతుంది. ఆలోగా ‘ఇ’ నొక్కండి. కనిపించే వాటిలో ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర క్వైట్ అన్న మాట, స్ప్లాష్ పెట్టాకైతే స్ప్లాష్ అన్న మాట కూడా ఉంటాయి. ఉన్నవి చెరిపేసి ఎఫ్10 నొక్కితే ఆ ఒక్కసారికి బొమ్మ లేకుండా, అన్ని వివరాలూ చూపిస్తూ లేస్తుంది. ఈ మార్పు ఎక్కడా సేవ్ కాదు కాబట్టి భయపడక్కర్లేదు. ఇది ఒకసారి చేసి చూశాకే కింది పనులు మొదలుపెట్టండి. వీలుంటే ముందు వర్చువల్‌బాక్స్‌లో ప్రయత్నించడం ఇంకా మంచిది.

ప్లిమత్, గ్రబ్

టెర్మినల్ తెరిచి ఇలా కొట్టండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ప్లిమత్ ప్లిమత్-థీమ్స్

ముందే ఉంటే ఉందనే చెబుతుంది. సుడో మీకు అనుమతి ఇవ్వకపోతే ‘సు’ పక్కన ఖాళీ వదిలి హైఫన్ కొట్టి, రూట్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, సుడో అనే మాట లేకుండా అవే ఆదేశాలు ఇవ్వండి.

తర్వాత గ్రబ్ ఫైలు:

సుడో న్యానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్

ఇందులో ‘లినక్స్ డిఫాల్ట్’ అని పేరు ముగిసే వరుస ఒకటుంది. దాని కొటేషన్ గుర్తుల మధ్య మామూలుగా క్వైట్ ఉంటుంది. పక్కన ఒక ఖాళీ వదిలి స్ప్లాష్ చేర్చండి, ముందే ఉంటే వదిలేయండి. కంట్రోల్-ఓ, ఎంటర్, కంట్రోల్-ఎక్స్ వరుసగా నొక్కితే సేవ్ అయి బయటికి వస్తారు. ఆ వెంటనే ‘సుడో అప్‌డేట్-గ్రబ్’ నడపాలి. ఇది మరిచిపోతే ఫైలులో రాసింది ఫైలులోనే ఉండిపోతుంది.

థీమ్ ఎంచుకోవడం

సుడో ప్లిమత్-సెట్-డిఫాల్ట్-థీమ్ -ఎల్

ఇది ఉన్న థీమ్‌ల పేర్లన్నీ చూపిస్తుంది. బీజీఆర్‌టీ అనేది యూఈఎఫ్ఐ ఉన్న కంప్యూటర్లలో తయారీ కంపెనీ లోగోను అలాగే ఉంచి కింద చక్రం తిప్పుతుంది. ఎమరాల్డ్ డెబియన్ 12 సొంత ముస్తాబు. మనకు కావాల్సింది స్పిన్నర్. సాదాగా ఉంటుంది, మార్చుకోవడం తేలిక.

సుడో ప్లిమత్-సెట్-డిఫాల్ట్-థీమ్ -ఆర్ స్పిన్నర్

ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం. కొత్తవాళ్లు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగుదాం. కంప్యూటర్ లేచేటప్పుడు కెర్నల్ ముందుగా మెమరీలోకి ఒక చిన్న మూటను విప్పుకుంటుంది. దాని పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. అసలు డిస్కు తెరుచుకోవడానికి కావాల్సిన సరంజామా అంతా అందులో ఉంటుంది. ప్లిమత్, దాని బొమ్మలు కూడా అందులోంచే వస్తాయి. డిస్కు మీద ఎంత మంచి బొమ్మ పెట్టినా ఆ మూట మళ్లీ కట్టకపోతే పాత బొమ్మే కనిపిస్తుంది. పెద్ద ఆర్ చేసే పని ఆ మూట కట్టడమే. బొమ్మలో ఒక్క చుక్క మార్చినా ఈ ఆదేశం మళ్లీ ఇవ్వాల్సిందే.

ఇప్పుడు రీస్టార్ట్ చేయండి. చక్రం తిరిగితే సగం పని అయినట్టే.

మన బొమ్మ, మన అక్షరాలు

స్పిన్నర్‌ను నేరుగా మార్చకండి. తర్వాతి అప్‌డేట్ మీ మార్పుల్ని తుడిచేయవచ్చు. నకలు తీసి దానికి ‘బడి’ అని పేరు పెడదాం.

సుడో సిపి -ఆర్ /యూఎస్ఆర్/షేర్/ప్లిమత్/థీమ్స్/స్పిన్నర్ /యూఎస్ఆర్/షేర్/ప్లిమత్/థీమ్స్/బడి

ఈసారి ఆర్ చిన్నదే. కొత్త ఫోల్డరులో స్పిన్నర్ డాట్ ప్లిమత్ అనే ఫైలు ఉంటుంది. ‘ఎంవి’ ఆదేశంతో దాని పేరును బడి డాట్ ప్లిమత్ చేయండి. ఫోల్డరు పేరు, ఫైలు పేరు ఒకటే కాకపోతే ప్లిమత్ ఆ థీమ్‌ను గుర్తించదు. ఫైలు తెరిచి ‘ఇమేజ్‌డిర్’ వరుసలో చివరి మాటను బడిగా మార్చండి. అలాగే ‘వాటర్‌మార్క్ వర్టికల్ అలైన్‌మెంట్’ ఎదురుగా .96 అని ఉంటుంది. 0 అంటే తెర పైఅంచు, 1 అంటే కిందిఅంచు. .4 అని రాస్తే మన బొమ్మ మధ్యకు కాస్త పైన, చక్రానికి అడ్డు రాకుండా నిలుస్తుంది.

ఇక బొమ్మ. తెలుగులో బడి పేరు రావాలంటే దాన్ని అక్షరాలుగా కాక బొమ్మగానే చేసి ఇవ్వండి. ఆ చిన్న మూటలో మామూలుగా తెలుగు ఫాంటు ఉండదు. ఇంక్‌స్కేప్ తెరిచి రామభద్రో మండలో, నచ్చిన ఫాంటులో పేరు రాసి, నేపథ్యం పారదర్శకంగా ఉంచి పీఎన్‌జీగా తీయండి. నేపథ్యం నలుపు కాబట్టి అక్షరాలు తెల్లగానో పసుపుగానో ఉండాలి. ఒత్తులు పలచగా ఉండే ఫాంటు వద్దు, పాత మానిటర్ల మీద క్రావడి కూడా మాయమవుతుంది. ఈ బొమ్మను ప్లిమత్ తెరకు సరిపడా సాగదీయదు. 1366×768 తెరకు 500 నుంచి 600 పిక్సెళ్ల వెడల్పు చాలు. తెర నిండా ఫొటో పెట్టాలనే సరదా నాకు నచ్చదు. ల్యాబులో నాలుగు రకాల మానిటర్లుంటే నాలుగు చోట్లా నాలుగు రకాలుగా తెగుతుంది.

ఆ ఫైలుకు వాటర్‌మార్క్ డాట్ పీఎన్‌జీ అని పేరు పెట్టి బడి ఫోల్డరులోకి సుడోతో కాపీ చేయండి. చివరగా:

సుడో ప్లిమత్-సెట్-డిఫాల్ట్-థీమ్ -ఆర్ బడి

రాకపోతే

చక్రం వచ్చి బొమ్మ రాకపోతే ఫైలు పేరులో పెద్ద అక్షరం ఏదైనా పడిందేమో చూడండి. అసలేమీ రాకపోతే స్ప్లాష్ అనే మాట, అప్‌డేట్-గ్రబ్, పెద్ద ఆర్, ఈ మూడింటిలో ఒకటి తప్పి ఉంటుంది. మరీ ఆలస్యంగా వస్తుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఆ మూటలో లేదన్నమాట. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/మాడ్యూల్స్ ఫైలు చివర ఇంటెల్ అయితే ఐ915, ఏఎండీ అయితే ఏఎండీజీపీయూ అని చేర్చి ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు’ నడపండి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేసినచోట కాస్త మొండితనం తప్పదు. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో బొమ్మ ఇలా మెరిసి అలా పోతే మాత్రం అది లోపం కాదు, కంప్యూటర్ అంత తొందరగా లేస్తోంది.

డిస్కుకు ఎన్‌క్రిప్షన్ ఉంటే పాస్‌వర్డ్ అడిగే పెట్టె కూడా ఈ బొమ్మ మీదే వస్తుంది. సర్వర్లకు మాత్రం స్ప్లాష్ పెట్టకండి, అక్కడ ఆ తెల్లటి వరుసలే పనికొస్తాయి.