పట్టాలు తీసేసిన దారిలో ఒక రోజు

కిందటి ఏడాది పటాల పాఠం చెబుతుండగా ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకడు లేచి, "సార్, రైలు తిరగడం మానేస్తే పట్టాల కింది భూమి ఎవరికి పోతుంది?" అని అడిగాడు. వాళ్ళ నాన్నకున్న కాస్త పొలంలో కొంత రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. అందుకే వాడికి ఆ సందేహం వచ్చింది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్న సంగతులను ఈ వార్షికోత్సవ సంచికలో మీ అందరికీ చెబుతున్నాను. ఇందుకోసం మనం అమెరికా దేశంలోని మిస్సోరి రాష్ట్రానికి వెళ్ళి, ఊహలో ఒక రోజంతా సైకిలు తొక్కుదాం.

దారి పుట్టుక

మిస్సోరి, కాన్సాస్, టెక్సాస్ రాష్ట్రాల పేర్లు కలిపి పెట్టుకున్న ఒక రైలు కంపెనీ ఉండేది. జనం దాన్ని ముద్దుగా 'కేటీ' అని పిలిచేవారు. 1890 దశకంలో ఆ కంపెనీ మిస్సోరి నది ఒడ్డు వెంట పట్టాలు వేసింది. 1986లో వచ్చిన వరదలకు ఆ పట్టాలు బాగా దెబ్బతిన్నాయి. ఆ ఏడాది అక్టోబరులో ఈ మార్గంలో రైళ్ళు ఆగిపోయాయి. ఆ రాష్ట్రానికి చెందిన వ్యాపారవేత్త టెడ్ జోన్స్, ఆయన భార్య పాట్ కలిసి ఈ మార్గాన్ని జనం నడిచే దారిగా మార్చడానికి 22 లక్షల డాలర్లు విరాళమిచ్చారు. పట్టాలు తీసి, సున్నపురాయి పొడి పరచి గట్టి చేశారు. 1990లో రోచ్‌పోర్ట్ అనే చిన్న ఊరి దగ్గర మొదటి భాగం తెరిచారు. ఇప్పుడు ఆ దారి పొడవు సుమారు 386 కిలోమీటర్లు. దాని పేరు కేటీ ట్రెయిల్. దానిమీద కార్లకు, మోటారు సైకిళ్ళకు ప్రవేశం లేదు.

ఉదయం: సొరంగం

మన ప్రయాణం రోచ్‌పోర్ట్ నుండి ఉత్తర జెఫర్సన్ వరకు, సుమారు 56 కిలోమీటర్లు. గంటకు 14 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 4 గంటలు పడుతుంది. మధ్యలో ఆగే సమయం వేరు. బయలుదేరేముందు చైనుకు నూనె వేసి, గాలి చూసుకుని, పంక్చరు సామాను, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకోవాలి.

ఊరి పక్కనే సొరంగం ఉంది. పొడవు 243 అడుగులు. ఈ దారి మొత్తానికి ఇదొక్కటే సొరంగం. కొండను చుట్టి పోవడానికి వీలు లేనిచోట రైలు కోసం తొలిచారు. ఎందుకు తొలిచారు? కొండ ఎక్కించి దించవచ్చు గదా! ఇక్కడే మన భౌతిక శాస్త్రం పాఠం ఉంది.

ఇనుప పట్టామీద ఇనుప చక్రం తేలికగా దొర్లుతుంది. అయితే పట్టు తక్కువ కనుక ఎత్తు ఎక్కాలంటే జారుతుంది. అందువల్ల రైలు దారిని 100 మీటర్ల దూరానికి 1 లేక 2 మీటర్లకు మించి ఎత్తు పెరగకుండా వేయడం సాధారణం. ఈ మేలు ఇప్పుడు సైకిలుకు దక్కింది. లెక్క చూడండి. మీరు 50 కిలోలు, సైకిలు, సంచి కలిపి 20 కిలోలు అనుకుందాం. మొత్తం బరువు సుమారు 700 న్యూటన్లు. 100కు 1 ఎత్తులో బరువు మిమ్మల్ని వెనక్కు లాగే బలం 7 న్యూటన్లు. 20కి 1 ఎత్తున్న రోడ్డుమీద అది 35 న్యూటన్లు, అంటే 5 రెట్లు. రైలు దారిమీద ముసలివారు, పిల్లలు కూడా హాయిగా తొక్కగలగడానికి కారణమిదే.

మధ్యాహ్నం: కొండ, నది, చెట్టు

ఎడమ పక్క నిలువుగా సున్నపురాయి కొండలు. కుడి పక్క నది. 1804లో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు ఈ నదిమీదనే పడవల్లో పైకి వెళ్ళారు. ఈ కొండలమీద ఆదివాసులు గీసిన బొమ్మలు చూసినట్లు రాసుకున్నారు.

14 కిలోమీటర్లు పోయాక మెక్‌బెయిన్ ఊరి దగ్గర పొలాల మధ్య ఒక మహా ఓక్ వృక్షం. వయసు 400 ఏళ్ళ దాకా ఉంటుందని అంచనా. 2020 అక్టోబరులో దానిమీద పిడుగు పడి లోపలంతా మంటలు రేగాయి. ఇంకొంత దూరం పోతే హార్ట్స్‌బర్గ్ అనే పల్లె. అప్పటికి మనం 40 కిలోమీటర్లు వచ్చినట్లు. 1993 వరదలో ఈ దారి చాలా మేర కొట్టుకుపోతే మళ్ళీ బాగుచేశారు. రైలు పోయాక ఇలాంటి చిన్న ఊళ్ళలో అంగళ్ళకు బేరాలు తగ్గాయి. ఇప్పుడు సైకిలు యాత్రికులు తిండికి, రాత్రి పడకకు ఆగుతున్నారు. ఏటా సుమారు 4 లక్షల మంది ఈ దారికి వస్తున్నారని 2012లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది.

సాయంత్రం: భూమి ఎవరిది?

ఇప్పుడు మన విద్యార్థి ప్రశ్నకు వద్దాం. చాలాచోట్ల రైలు కంపెనీ రైతుల భూమిని పూర్తిగా కొనలేదు. దాని మీదుగా రైలు నడుపుకునే హక్కు మాత్రమే తీసుకుంది. రైలు ఆగితే భూమి తిరిగి మాకే రావాలని రైతులు వాదించారు. వారి మాటలో న్యాయముంది. అయితే 1983లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం మూతపడే రైలు దారిని ముక్కలు కానీయకుండా, ముందు ముందు రైలు మళ్ళీ కావలసివస్తే ఉపయోగపడేలా దాచి ఉంచవచ్చు. అంతవరకు జనం నడవడానికి వాడుకోవచ్చు. రైతులు కోర్టుకు వెళ్ళారు. వేరొక రాష్ట్రం నుండి వచ్చిన కేసులో 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని, భూమి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చని చెప్పింది. కేటీ దారి పక్కనున్న కొందరు భూయజమానుల కేసులో, ప్రభుత్వం పరిహారం ఇవ్వవలసినదేనని 2000లో మరొక కోర్టు తీర్పునిచ్చింది. రైళ్ళు ఆగిన పద్నాలుగేళ్ళకు!

ఇంకొక మాట మరువరాదు. ఆ రైతులకంటే ముందు ఆ నేల ఆదివాసులది. 1808 ఒప్పందంతో ఓసేజ్ జాతివారు మిస్సోరిలో చాలా భూమి వదులుకోవలసి వచ్చింది. మిస్సోరి అన్న పేరు కూడా ఒక ఆదివాసీ జాతి పేరే. పేరు మిగిలింది, నేల మిగలలేదు.

పొద్దు వాలేవేళకు ఉత్తర జెఫర్సన్ చేరాం. నది అవతల రాజధాని జెఫర్సన్ నగరం. 2011లో వంతెన పక్కన సైకిళ్ళకు, నడిచేవారికి ప్రత్యేక దారి కట్టారు. దానిమీదుగా నది దాటితే మన ప్రయాణం ముగుస్తుంది.

విద్యార్థులారా! పదిమందికి పనికివచ్చే దారి వేయడం మంచి పని. ఆ దారి కింద ఎవరి నేల పోయిందో అడగడం, వారికి రావలసినది ఇప్పించడం కూడా అంతే మంచి పని. ఆ రోజు ప్రశ్న అడిగిన విద్యార్థికి ఇదే నా జవాబు. ఆలస్యమైనందుకు మన్నించమని కోరుతున్నాను.

ఆలోచించండి
1. రైలు దారులకు ఎక్కువ ఎత్తుపల్లాలు ఎందుకు ఉండవు?
2. మొత్తం బరువు 800 న్యూటన్లయితే, 50కి 1 ఎత్తులో వెనక్కు లాగే బలమెంత?
3. మీ ఊరి రోడ్డు, కాలువ లేక రైలు మార్గం ఎవరి భూమిలో వేశారో పెద్దలను అడిగి, అర పేజీ రాసి తీసుకురండి.

— మీ సాంఘిక శాస్త్రం ట్యూటరు