ప్రశ్నలు - జవాబులు: మాట పట్టింపుల మధ్య మనం

ప్రశ్న: ప్రార్థన మనవులు పంచుకోవడానికి మా సంఘంలో వాట్సాప్ గ్రూపు పెట్టాం. 2024 ఎన్నికల దగ్గర్నుంచి అందులో పార్టీల వీడియోలే. ఇద్దరు సంఘ పెద్దలు అందరూ చూస్తుండగా అనరాని మాటలు అనుకున్నారు. ఇప్పుడు ఆదివారం ఎదురుపడినా వందనం చెప్పుకోవడం లేదు. ప్రభు బల్ల దగ్గరికి కూడా ఒకరు వెళ్ళొచ్చాక గానీ ఇంకొకరు లేవరు. అడ్మిన్‌గా నేనేం చేయాలి?
- ఒక సోదరుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గ్రూపులో రాజకీయ వీడియోలు వద్దని నియమం పెట్టండి. పాస్టరుగారితో, పెద్దలతో మాట్లాడే పెట్టండి. ఏ పార్టీ వీడియో అయినా ఒకటే రూలు. దాంతో గ్రూపు సద్దుమణుగుతుంది గానీ వాళ్ళిద్దరి మధ్య మాట కలవదు. అసలు పని అక్కడే ఉంది.

మనస్పర్థ వచ్చినప్పుడు ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. గ్రూపులో అంతమంది చూస్తుంటే ఎవరూ వెనక్కి తగ్గరు. తగ్గితే పరువు పోతుందని భయం. అదే మనిషి తన ఇంటి అరుగు మీద కూర్చుంటే వేరుగా మాట్లాడతాడు. ఆ ఇద్దరిలో మీకు చనువున్న ఆయన ఇంటికి ముందు వెళ్ళండి. ఆ పార్టీ ఆయనకు ఎందుకు నచ్చిందో అడగండి. తల్లికి పింఛను అందిందో, కొడుక్కి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయిందో, కాలువ చివర పొలానికి నీళ్ళు రాలేదో, ఓటు వెనక అలాంటిదేదో ఉంటుంది. ఆయన చెప్పినదాన్ని మీ నోటితో మళ్ళీ చెప్పండి. "అవును, నేనన్నది అదే" అని ఆయన అనేదాకా మీ అభిప్రాయం బయటపెట్టొద్దు. తర్వాత రెండో ఆయన దగ్గరికి వెళ్ళి ఇలాగే వినండి. ఒకరి బాధ ఇంకొకరికి చెప్పడానికి అప్పుడు మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

పన్నెండుమంది శిష్యుల్లో సుంకపు మెట్టు దగ్గర నుంచి లేచొచ్చిన మత్తయి ఉన్నాడు, జెలోతే అనబడిన సీమోను కూడా ఉన్నాడు. సుంకరులు పరాయి పాలకుల మనుషులని జనం అసహ్యించుకునేవారు. జెలోతే అన్న పేరేమో స్వజాతి కోసం, ధర్మశాస్త్రం కోసం తెగించేవాళ్ళది. ఆ ఇద్దరినీ ప్రభువు ఒకే పనికి పిలిచాడు. రాజకీయంగా ఎవరు ఎవరి దారికి వచ్చారో సువార్తలు మనకు చెప్పలేదు.

ప్రశ్న: ఆఫీసులో భోంచేసేటప్పుడు ఒక కొలీగ్ అందరి ముందూ "డబ్బులిచ్చి మతం మారుస్తారు కదా మీవాళ్ళు" అంటుంటాడు. గట్టిగా జవాబిస్తే గొడవ, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. ఎలా?
- ఒక యువకుడు, హైదరాబాద్

జవాబు: ఊరుకోవద్దు. "మా ఇంట్లో జరిగింది అది కాదు, వింటానంటే ఒకరోజు చెప్తాను" అని అందరి ముందే అని, అంతటితో ఆపండి. తర్వాత ఆయన్ని విడిగా టీకి పిలవండి. మీ ఇంటికి విశ్వాసం ఎలా వచ్చిందో చెప్పండి. ఆయన భక్తి ఆయనకు ఏమిచ్చిందో కూడా అడగండి. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ ఇ. స్టాన్లీ జోన్స్ మన దేశంలో ఇలాంటి రౌండ్ టేబుల్ సమావేశాలే జరిపాడు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కలిసి కూర్చునేవారు. వాదన పెట్టుకోకుండా, తన మతం తన బతుకులో ఏం చేసిందో ఎవరికి వారు చెప్పేవారు. ఆ అనుభవాల మీద 1928లో ఆయన పుస్తకం వేశాడు. క్రీస్తు గురించి చెప్పడం మాత్రం ఆయన మానుకోలేదు.

ఆ కొలీగ్ కోపం ఎక్కడ పుట్టిందో కూడా వినండి. మన ప్రసంగీకుల్లో కొందరు మైకు పట్టుకుని ఇతరుల దేవతలను కించపరుస్తారు. ఆయన అలాంటిది విని ఉంటే, తప్పేనని ఒప్పుకోండి. అలాంటి ప్రసంగాలు వింటే నాకూ బాధే. ఎఫెసులో అల్లరి లేచినప్పుడు, వీళ్ళు మన దేవతను దూషించలేదని పౌలు తోటివాళ్ళ పక్షాన సాక్ష్యం చెప్పింది ఆ ఊరి కరణమే. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం తీసి చూడండి. మన కూడికల గురించి అంత మాట చెప్పగల హిందూ పెద్దమనిషి మన ఊళ్ళో ఉన్నాడా అని ప్రతి సంఘమూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

ప్రశ్న: మాది సి.ఎస్.ఐ. కుటుంబం. తమ్ముడు పెంతెకోస్తు సంఘంలో చేరి, చిన్నప్పుడు మాకు ఇచ్చింది అసలు బాప్తిస్మమే కాదంటున్నాడు. అమ్మ కుమిలిపోతోంది.
- ఒక అక్క, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ పక్కనే ఉన్న దోర్నకల్‌ను గుర్తుచేస్తాను. అక్కడ బిషప్‌గా ఉన్న అజరయ్యగారు 1919లో తరంగంబాడిలో ఇతర సంఘాల నాయకులతో కలిసి ఐక్యత గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. బిషప్‌లు ఉండాలా వద్దా, బిషప్ చెయ్యి పెట్టని పాస్టరు అభిషేకం చెల్లుతుందా అన్నవి అప్పుడు మీ ఇంటి ప్రశ్నంత మంటపెట్టే ప్రశ్నలే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే మీ సి.ఎస్.ఐ., ఏర్పడేసరికి 28 ఏళ్ళు పట్టింది. అజరయ్యగారు 1945 జనవరి 1నే కన్నుమూశారు. అంత ఓపికగా మాట్లాడుకున్నా నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు చేరలేదు.

కాబట్టి ఈ క్రిస్మస్ లోపే తేలాలని పట్టుబట్టకండి. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఆ సంఘంలో అతనికి ఏం దొరికిందో పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తర్వాత ఒక్కటి గట్టిగా చెప్పండి: "నీ నమ్మకం నీది. కానీ మనకు మోకాళ్ళ ప్రార్థన నేర్పిన అమ్మ విశ్వాసం ఉత్తదని ఆమె ముందు అనొద్దు." అమ్మకు కూడా చెప్పండి, కొడుకు ప్రభువును వదిలి వెళ్ళలేదని.

ప్రశ్న: మా సంఘంలో రెండు కులాలవాళ్ళం ఉన్నాం. కమిటీ పదవులన్నీ ఒక కులానివే. సమాధుల తోటలో కూడా వాళ్ళ వైపు, మా వైపు అని ఉంది. నేను లేచి అడిగితే "ప్రేమగా మాట్లాడు, ఐక్యత చెడగొట్టకు" అంటున్నారు. ప్రేమంటే నోరు మూసుకోవడమా?
- ఒక యువకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: కాదు తమ్ముడూ. దెబ్బ తిన్నవాడి గొంతు ఎంత మెల్లగా ఉందో కొలిచి, దెబ్బ సంగతి ఎత్తకపోవడం అన్యాయం. ఐక్యత పోయింది నువ్వు అడిగినప్పుడు కాదు, తోటలో ఆ గీత గీసినప్పుడు.

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి మనుషులు రాగానే భయపడి వాళ్ళ పంక్తిలో నుంచి లేచిపోయాడు. పౌలు అందరి ఎదుటే ముఖాముఖి నిలదీశాడు. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది, కమిటీలో చదవమని అడుగు. ఎవరితో కలిసి తింటున్నావన్నదాన్ని పౌలు సువార్త విషయంగానే పట్టుకున్నాడు. అయినా పేతురు అపొస్తలత్వాన్ని కాదనలేదు, అతనితో తెగతెంపులూ చేసుకోలేదు.

అజరయ్యగారి సంగతి ఇక్కడా పనికొస్తుంది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, ఇంకా బిషప్ కాకముందే, మిషనరీల ఎదుట నిలబడి వాళ్ళు భారతీయ క్రైస్తవులను తోటివాళ్ళుగా, స్నేహితులుగా చూడటం లేదని చెప్పారు. వాళ్ళ త్యాగాన్ని గుర్తించారు, ఆ వెంటనే లోటును దాచకుండా చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది. రెండేళ్ళకు ఆయనే మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. దోర్నకల్‌లో కూడా సంఘంలో కుల పట్టింపు ఉండకూడదని పోరాడారు.

నీ కోపం న్యాయమైనది. కానీ ఆ కమిటీలో కూర్చున్న ఒక్కొక్కరినీ శత్రువుగా లెక్కెయ్యకు. వాళ్ళలో ఈ గీత చూసి సిగ్గుపడే మనిషి ఒకరైనా ఉంటారు. ఆయన ఇంటికి ముందు వెళ్ళు. ఒప్పుకోకపోతే, మత్తయి 18లో ఉన్నట్టే, ఇద్దరు ముగ్గుర్ని తీసుకుని మళ్ళీ వెళ్ళు. ఆ కులం నుంచి ఒకరు, మీ నుంచి ఒకరు ఉంటే మంచిది. సమాధుల తోట విషయం కమిటీ అజెండాలో పెట్టమని కాగితం మీద రాసి ఇవ్వు. చర్చ జరిగాక మినిట్స్‌లో రాయించి, చదివించుకుని గానీ లేవొద్దు. అక్కడా వినకపోతే సంఘానికి చెప్పమనే వాక్యం ఉంది. ఆరాధన మధ్యలో మాత్రం వద్దు. సర్వసభ్య సమావేశం పిలిపించి, అందులో చెప్పు.