ఎక్కాలు రానిదే షార్ట్‌కట్‌ నిలవదు

“మా గుంటడికి లెక్కల్లో స్పీడు నేదండి, వేదగణితం కోర్సులో చేర్పించేమంటారా?” నెల్లిమర్ల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. వద్దనే చెబుతాను.

వాళ్ల కంగారంతా రైల్వే ఉద్యోగాల పరీక్షల గురించే. రైల్వే ఎన్టీపీసీ పరీక్ష మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, అందులో 30 లెక్కలవి. కాలిక్యులేటర్‌ ఉండదు. మూడు తప్పులకు ఒక మార్కు పోతుంది. తొందర చూసి భయపడిన ఇంటివాళ్లకే ‘వెయ్యి ట్రిక్కుల’ పుస్తకాలూ, విజయనగరంలో అదనపు క్లాసులూ అమ్ముడుపోతాయి.

97ను 96తో గుణించమంటే ఆ కోర్సు చదివిన పిల్లవాడు చటుక్కున 9312 అంటాడు. రెండూ వందకు దగ్గరవి కాబట్టి ఆ పద్ధతి పనిచేసింది. పరీక్షలో 78ని 43తో గుణించాల్సి వస్తే? 40 రెట్లు 3120, మూడు రెట్లు 234, మొత్తం 3354. దీనికి కావలసింది ఎక్కాలే. అంకెల మొత్తంతో జవాబు సరిచూడటం మంచిదే, కానీ 3534 అని తారుమారుగా రాసినా ఆ తనిఖీ పట్టుకోదు. ఈ సంగతి చెప్పకుండా ట్రిక్కు నేర్పడం పిల్లలకు చేసే అన్యాయం.

అసలు మార్కులు పోయేది వేగం లేక కాదు. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వెళ్లే 180 మీటర్ల రైలు 120 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఎంతసేపట్లో దాటుతుంది? 54ను 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు. తొందరపడ్డవాడు 180ని 15తో భాగించి 12 సెకన్లంటాడు, ఆప్షన్లలో 12 కూడా ఉంటుంది. ప్లాట్‌ఫారం కలిపితే 300 మీటర్లు, జవాబు 20. నెల్లిమర్ల స్టేషన్లో నిలబడి, ఇంజన్‌ ప్లాట్‌ఫారం మొదట్లోకి వచ్చిన క్షణం నుంచి చివరి పెట్టె అవతలి కొస దాటేదాకా చూసినవాడు ఆ 120 మీటర్లు మరిచిపోడు.

నా సలహా ఖర్చులేనిది. 20 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు, 12.5 శాతమంటే ఎనిమిదో వంతు లాంటి భిన్నాలు నోటికి రావాలి. తర్వాత గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చెయ్యాలి, తప్పిన ప్రతి లెక్క పక్కనా ఎందుకు తప్పిందో రాసుకోవాలి. మూడో తరగతి పిల్లను మాత్రం భవిష్యత్తు ఉద్యోగం పేరు చెప్పి ఇందులోకి లాగకండి. సాయంత్రం ఆ పిల్లను ఆడుకోనివ్వండి.