పొలంలో ఇల్లు కడుతున్నారా? ముందు పైకప్పు లెక్క వేయండి

వీడియోలో గోడలు, పునాది చూశారు కదా. చాలామంది అడిగిన నీళ్ల లెక్క ఇక్కడ వివరంగా రాస్తున్నా.

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. భూమి లోపలి గ్రానైట్ రాయి నుంచే అది నీళ్లలో కరుగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటొద్దు. వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా 1.5 మించొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు తగ్గి ఇంకా ఎక్కువైతది. మిషన్ భగీరథతో ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చినా, దూరంగా చెలకలో కట్టే ఇంటిదాకా పైపు రాకపోవచ్చు. వాన నీళ్లకు ఈ బాధ లేదు.

లెక్క చూడండి:

- పైకప్పు 1,000 చదరపు అడుగులు, అంటే దాదాపు 93 చదరపు మీటర్లు.
- ఏడాది వాన 600 మిల్లీమీటర్లు అనుకుందాం. అందులో 80 శాతం పట్టుకున్నా సుమారు 44,000 లీటర్లు.
- నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు. ఏడాదికి 7,300 లీటర్లే.

వాన సగమే పడ్డా సరిపోతుంది. నవంబర్ నుంచి జూన్ దాకా 8 నెలలకు 4,840 లీటర్లు కావాలి. కాబట్టి 6,000 లీటర్ల ట్యాంకు చాలు. మిగతా నీళ్లు ఇంకుడు గుంతకు వదలండి.

ఇక ఇంటి డిజైన్:

1. స్థలం: నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది, గోడలు బీటలిస్తాయి. మొరం తేలిన ఎత్తు జాగా చూసుకోండి. మంచి భూమి పంటకు మిగుల్తది.
2. గోడలు: పొలంలో ఏరిన రాయితో మందంగా కట్టండి. పడమర కిటికీలు తగ్గించి, అటు కానుగ, వేప పెట్టండి. కొమ్మలు మాత్రం కప్పు మీదికి రావొద్దు. ఆకులు, పిట్టల రెట్టలు ట్యాంకులోకి పోతాయి.
3. పైకప్పు: మంగళూరు పెంకు గానీ, నున్నటి స్లాబు గానీ వేయండి. పాత మట్టి మిద్దె చల్లగా ఉంటుంది, కానీ దాని నీళ్లు తాగడానికి పనికిరావు.
4. ట్యాంకు: తొలి వాన నీళ్లు బయటికి వదిలే వాల్వు పెట్టండి. తర్వాత కంకర, ఇసుక ఫిల్టర్. మూత గట్టిగా ఉండాలి, వెలుతురు పడితే నాచు పడుతుంది. సూక్ష్మజీవుల కోసం మరిగించి తాగండి.
5. కొట్టం: పశువుల కొట్టం, జీవామృతం డ్రమ్ములు, మరుగుదొడ్డి గుంత ట్యాంకుకు దూరంగా, వాలు కింది వైపు ఉండాలి.

మేస్త్రీని పిలిచే ముందు బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువ వస్తే, ప్లాను పైకప్పు నుంచే మొదలుపెట్టండి.