దయ్యాల కొంప - నిజమెంత?

హైదరాబాదు కుందన్‌బాగ్‌లోని ఒక ఇంట్లో ఆత్మలు తిరుగుతున్నాయట, నిజమేనా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుండి పనుల కోసం నగరానికి వెళ్ళే మన యువకులు తరచూ అడిగే ప్రశ్న ఇది.

2002లో ఆ ఇంట్లో దొంగతనానికి దూరిన ఒకడికి ఒక తల్లి, ఆమె ఇద్దరు కుమార్తెల మృతదేహాలు కనిపించాయి. వారు మరణించి అప్పటికే నెలలు గడిచాయి. 'రాత్రిళ్ళు కొవ్వొత్తులు పట్టుకొని తిరుగుతుంటే చూశాం' అన్న మాటలు ఆ ఇంటి చుట్టూ అల్లుకున్నాయి.

మరణించిన వారికీ ఈ లోకానికీ మధ్య ప్రళయదినం వరకు బర్‌జఖ్ అనే అడ్డుతెర ఉందని దివ్య ఖుర్ఆన్ (23:100) తెలుపుతోంది. కనుక ఆత్మలు తిరిగొచ్చి ఇళ్ళలో సంచరిస్తాయన్నది మన విశ్వాసానికి పొసగదు. జిన్నాతుల మాట వేరు. వారి ఉనికిని మనం విశ్వసిస్తాం. 72వ సూరాకు వారి పేరే ఉంది. అయితే జిన్నాతులు ఉన్నారనడం ఒకటి, ఫలానా ఇంట్లో ఉన్నారనడం మరొకటి. రెండోది కేవలం వార్త. నమ్మదగని వాడు తెచ్చిన వార్తను విచారించి చూడమన్నది దైవాజ్ఞ (49:6).

విచారిస్తే ఏం తేలుతుంది? గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే ఎత్తున ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. అది కట్టినవారి నేర్పు. ఆ సంగతి తెలియని వాడికి భూతమే! వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. విద్యార్థుల సందడిలో ఎవరికి భయం? వలస వెళ్ళిన వారి ఇళ్ళే తాళాలు పడి, గబ్బిలాలు చేరి, దయ్యాల కొంపలవుతాయి. పగటి ఎండకు కాగిన దూలాలు రాత్రి చల్లబడి చిటపటమన్నా గుండె ఝల్లుమంటుంది.

ఈ భయం మీదే కొందరు 'ఆమిల్‌'లు బతుకుతున్నారు. జోస్యుని వద్దకు వెళ్ళి అడిగిన వాని నమాజు నలభై రాత్రులు స్వీకరించబడదని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. డబ్బు పోతే పోయింది, రోగి ప్రాణం మాటేమిటి? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకొని, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మానసిక రోగులు చనిపోయారు.

కుందన్‌బాగ్ విషయంలో మమ్మల్ని కలవరపెట్టేది దయ్యం కాదు. ముగ్గురు మనుషుల మరణం లోకానికి తెలియడానికి ఒక దొంగ రావలసి వచ్చింది! పొరుగువారికి వారసత్వంలో కూడా వాటా ఇప్పిస్తారేమో అని దైవప్రవక్త (సఅసం) అనుకునేంతగా జిబ్రయీల్ (అలైహి) వారి గురించి తాకీదు చేశారు కదా.

ఇంట్లో బెదురుగా ఉంటే సూరా బఖరా పారాయణం చేయండి. అది పఠించబడే ఇంటి నుండి షైతాన్ పారిపోతాడని హదీసు. తాళం వేసిన గదులను తెరిచి గాలి, వెలుతురు రానివ్వండి. ఇంట్లో ఎవరికైనా లేని మనుషులు కనిపిస్తుంటే, మాటలు వినిపిస్తుంటే ఆమిల్ గుమ్మం తొక్కకుండా మానసిక వైద్యునికి చూపించండి.