తాయిఫ్‌లో చిక్కుడు పాదు



పెరట్లో బీన్స్, చిక్కుడు పెడతానన్నావు, సంతోషం. సౌదీ అనగానే అందరూ ఎండకు జడుస్తారు. తాయిఫ్‌లో నువ్వు జడవాల్సింది చలికి. హిజాజ్ కొండల మీద దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉందా ఊరు. మన అరకు అందులో సగం. జనవరి రాత్రుళ్లు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. అప్పుడు బీన్స్ వేస్తే గింజ నేలలోనే కుళ్లిపోతుంది.

అల్ హదా, అష్షఫా తోటల్లో గులాబీలు కోస్తుంటారు చూడు, మార్చి నెలాఖరు, ఏప్రిల్‌లో; బీన్స్‌కు అదే అదను. ఆలస్యం చేస్తే ఎండలు ముదిరి పూత రాలుతుంది. నేల ముందే తడిపి, అంగుళం లోతున వెయ్యి. రాత్రంతా నానబెట్టొద్దు, గింజ పగులుతుంది.

చిక్కుడు తీరు వేరు. పగలు కురచనైతే తప్ప నాటు చిక్కుడు పూయదు. తాయిఫ్‌దీ నాగపూర్ అక్షాంశమే కనుక అక్కడా అక్టోబరుకు పొద్దు తగ్గుతుంది, కానీ వెనకే చలి తరుముకొస్తుంది. కాబట్టి సంక్రాంతి కాపు లెక్క మర్చిపో. మేలోనే పాదు పెట్టు, సెప్టెంబరుకల్లా పందిరి నిండాలి. అన్ని నెలలూ ఆకులే తప్ప పూత లేదని బెంగపడి పీకెయ్యకు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా జయ్, అర్కా విజయ్ లాంటి పొట్టి రకాలకు ఈ పట్టింపు లేదు. అలాగని విత్తనాలు సూట్‌కేసులో తెచ్చుకోకు, కస్టమ్స్‌తో తలనొప్పి. అక్కడి నర్సరీల్లోనే అడుగు.

ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపు తిరిగిందంటే సున్నపు నేలలో ఇనుము అందట్లేదని. దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తే ఇంకా పాలిపోతుంది. మాగిన మేక ఎరువు వెయ్యి. మీ ఆయన యూరియా తెస్తానంటే ఒక మొక్క పీకి వేళ్లు చూపించు. ఆవగింజంత బుడిపెలుంటాయి, గోటితో చిదిమితే లోపల గులాబీ రంగుంటే, నత్రజని మొక్కే సంపాదించుకుంటోంది. కాపు అయ్యాక మొదలు కోసి, వేళ్లు నేలలోనే వదిలెయ్యి.

చిగుళ్లకు పేనుబంక పడితే ముందు నీళ్లతో గట్టిగా కొట్టు. మందుల జోలికి తర్వాత పోవచ్చు.

చలికాలం మడి ఖాళీగా ఉంచకు. పొద్దున్నే అక్కడివాళ్లు తమీజ్ రొట్టెతో తింటారే ఫూల్ అనే ఫావా చిక్కుడు, ఆ గింజ నవంబరులో వెయ్యి. దానికి చలి పడుతుంది. మన చిక్కుడు రుచి మాత్రం రాదు, ముందే చెప్తున్నా.

మీ మావయ్య